అమృత విలాస్‌లో మా నాన్న ఖాతా

(ఆదివారం సాయంత్రం ప్రసారమైన రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

మన రేడియోవాళ్ళు ఫోన్ చేసి "చరిత్ర మీద ఒక ఇరవై నిమిషాలు మాట్లాడాలండీ" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను చదివింది కంప్యూటర్ సైన్సు. చేసేది కన్సల్టెంటు ఉద్యోగం. పదో తరగతి సోషల్ పరీక్షలో పానిపట్టు యుద్ధాల సంవత్సరాలు తారుమారు చేసి రాసినవాణ్ణి. శాతవాహనుల గురించో కాకతీయుల గురించో చెప్పడానికి నాకంటే పెద్దలు ఈ ఊళ్ళోనే చాలామంది ఉన్నారు. అందుకని నాకు బాగా తెలిసిన చరిత్ర ఒకటి ఎంచుకున్నాను. అది మరీ పాతదేమీ కాదు, పాతికేళ్ళ లోపుదే. రాజులూ యుద్ధాలూ లేవు గానీ, ఒక హోటలుంది, ఇద్దరు స్నేహితులున్నారు, బోలెడన్ని అప్పులున్నాయి. మీలో చాలామందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అవునండీ, 'అమృతం' సీరియల్ గురించే.

ముందుగా తేదీలు చెప్పేస్తాను, చరిత్ర అన్నాక తేదీలు ఉండాలి కదా. జెమినీ టీవీలో 'అమృతం' మొదటి భాగం వచ్చింది 2001 నవంబరు 18న. ఆఖరి భాగం 2007 నవంబరు 18న. రెండూ ఆదివారాలే. అంటే సరిగ్గా ఆరేళ్ళు, 313 భాగాలు. దాన్ని తయారుచేసింది గుణ్ణం గంగరాజు గారు. అంతకు ముందు 1996లో 'లిటిల్ సోల్జర్స్' అనే పిల్లల సినిమా తీసిన ఆయనే. పాటకి బాణీ కట్టింది కల్యాణి మాలిక్, రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. చంద్రశేఖర్ యేలేటి, ఎస్.ఎస్. కాంచి, హర్షవర్ధన్ లాంటివాళ్ళు దానికి పనిచేశారు. తర్వాత యేలేటి 2003లో 'ఐతే' తీశారు. కాంచి గారు 2010లో వచ్చిన 'మర్యాద రామన్న'కి రచన చేశారు. హర్షవర్ధన్ 'ఇష్క్', 'మనం' సినిమాలకి మాటలు రాశారు. ఒక చిన్న హోటలు సీరియల్లోంచి ఇంతమంది వచ్చారన్నమాట.

ఇక దీనికి ముందు మన తెలుగు టీవీ ఎలా ఉండేదో ఒక్క నిమిషం గుర్తు చేసుకుందాం. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. చాలా ఏళ్ళు మనకి ఉన్నది అదొక్కటే. అప్పుడు నవ్వులంటే ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి 'ఆనందో బ్రహ్మ'. మా అమ్మ ఇప్పటికీ ఆయన ముఖం ఏ సినిమాలో కనిపించినా ముందు 'ఆనందో బ్రహ్మ' పేరే ఎత్తుతుంది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. వాటితో పాటు ఏళ్ళ తరబడి సాగే సీరియళ్ళు వచ్చాయి. సాయంత్రమైతే చాలు, వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా ఒకటే ఏడుపు వినిపించేది. తప్పిపోయిన బిడ్డ, మారిపోయిన వీలునామా, జ్ఞాపకశక్తి పోయిన అల్లుడు. వాటిని తక్కువ చెయ్యడం లేదు, మా ఇంట్లోనూ అన్నం గిన్నె ముందు పెట్టుకుని చూసినవే. కానీ ఆ ఏడుపుల వారానికి చివర, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి, ఎవరికీ ఏ జబ్బూ రాని, ఎవరూ చచ్చిపోని ఒక అరగంట దొరికేది. సాధారణంగా ఏ వారం కథ ఆ వారమే అయిపోయేది. ముందు వారం చూడకపోయినా ఫరవాలేదు. మాలాంటి వాళ్ళకి అది పెద్ద సౌకర్యం. ఎందుకో చెబుతాను.

మాది తాడేపల్లిగూడెం. మా నాన్న హోటలు నడిపేవారు. హోటలంటే ఇక్కడి పిల్లలు గదులూ, లిఫ్టులూ, ఈత కొలనూ అనుకుంటారు. కాదు బాబూ, మన హోటలంటే నాలుగు బల్లలు, ఒక గల్లా పెట్టె, వెనక ఒక పెనం, గోడకి వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కన "అరువు అడగరాదు" అని ఒక అట్టముక్క. పొద్దున ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా. సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీ. తెల్లవారుజామున మూడున్నరకి నాన్న లేచేవారు. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వచ్చేవారు. ఆదివారం ఒక్కరోజు మాత్రం సాయంత్రం పొయ్యి వెలిగించేవాళ్ళు కాదు. కాబట్టి వారం మొత్తంలో మా నాన్న మాతో కూర్చుని చూడగలిగిన కార్యక్రమం ఒక్కటే. అది కూడా హోటలు గురించే అవడం దేవుడి చమత్కారం.

కథ మీకు తెలిసిందే. అమృతరావు, ఆంజనేయులు ఇద్దరు స్నేహితులు. ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో అద్దెకుంటారు. ఇంటి ఓనరు అప్పాజీ. భార్యలు సంజీవిని, శాంత. ఇద్దరూ కలిసి 'అమృత విలాస్' అనే హోటలు నడుపుతారు. హోటల్లో పనిచేసేవాడు సర్వం. పోటీదారుడు, ప్రాణశత్రువు అంబుజనాభం. ఇంతే. ఈ ఏడుగురితో మూడొందల పైచిలుకు కథలు నడిచాయి. 'విలాస్' అన్న పేరులోనే ఒక తమాషా ఉంది. అది పాతకాలపు కాఫీ హోటళ్ళ పేరు. ఊరూరా ఏదో ఒక విలాస్ ఉండేది. బయట బోర్డు మీద విలాసం, లోపల విరిగిన కుర్చీ. ఆ ఒక్క పేరుతోనే హోటలు మొత్తం కళ్ళకి కట్టించేశారు.

దానిలో విచిత్రమైన సంగతి ఏమిటంటే, అమృతం అనే మనిషి మామూలు కథానాయకుడు కాదు. తెలివితక్కువవాడు, పైగా తనకి తెలివి ఎక్కువని గట్టి నమ్మకం. ఏ పని చేసినా చెడిపోతుంది, చెడిపోయాక తప్పు ఆంజనేయులిది అంటాడు. అంజికి సంగతి ముందే తెలుసు. వద్దురా అంటాడు. అయినా చివరికి వాడితో కలిసే గోతిలో దూకుతాడు. మన హాస్యంలో గురువూ శిష్యులూ ఉన్నారు, మామా అల్లుడూ ఉన్నారు. కానీ ఇలాంటి జంటని నేను చూసింది ఇంటి పక్కనే. మా నాన్నకీ ఆయన చిన్ననాటి స్నేహితుడికీ మధ్య జరిగే సంభాషణలు అచ్చం ఇలాగే ఉండేవి. ఇద్దరూ కలిసి ఒకసారి ఐస్ ఫ్యాక్టరీ పెడదామనుకున్నారు. ఆ కథ ఇంకోసారి.

మా నాన్న ఈ సీరియల్ చూసే పద్ధతి వేరు. మేమంతా జోకులకి నవ్వితే ఆయన ఖాతాలకి నవ్వేవారు. అమృత విలాస్‌కి గిరాకీ లేదంటే నవ్వు. సర్వం వండిన పదార్థాన్ని కస్టమరు నోట్లో పెట్టుకుని ముఖం చిట్లిస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వు. "మాస్టరు అలిగితే ఇంతేరా. ఉప్పు ఎక్కువేసి పగ తీర్చుకుంటాడు" అనేవారు. మీకు తెలియందేముంది, హోటళ్ళలో వంటవాణ్ణి మాస్టరు అంటారు. ఆ మాస్టరు గారి మూడ్‌ని బట్టి ఓనరు గారి బతుకు. సర్వంగా వేసిన వాసు ఇంటూరి గారి ముఖంలో ఒక అమాయకత్వం ఉంటుంది చూడండి, కొంప తగలబడుతున్నా "అవునా సార్" అన్నట్టుండే ముఖం. నాన్న దాన్ని చూసి "వీడు మన దగ్గర పనిచేసి వెళ్ళినవాడిలా ఉన్నాడే" అనేవారు.

ఈ సీరియల్ చరిత్రలో అందరూ చెప్పుకునే ఒక వింత ఉంది. అమృతం పాత్రధారి మారిపోతుండేవారు. మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. సంజీవిని పాత్రలో మొదట ఝాన్సీ గారు, తర్వాత వేరేవాళ్ళు. వేరే సీరియల్లో ఇలా జరిగితే ప్లాస్టిక్ సర్జరీ అనో, కవల సోదరుడనో ఏదో కథ అల్లేవాళ్ళు. అమృతం ముఖం మారింది, హోటలు మాత్రం యథాప్రకారం నష్టాల్లోనే నడిచింది. ప్రేక్షకులు కూడా పెద్దగా గొడవ చెయ్యలేదు. నేను ఒకసారి "ఇదేంటమ్మా, మనిషే మారిపోతే ఎలా" అని అడిగాను. మా అమ్మ పెనం మీద నూనె రాస్తూ, "మన హోటల్లో నాలుగేళ్ళలో ముగ్గురు మాస్టర్లు మారలేదూ? సాంబారు అదే కదా" అంది. నటీనటుల ఎంపిక గురించి నేను విన్న మంచి సిద్ధాంతం ఇప్పటికీ అదే.

మారనిది ఒక్కడే. ఆంజనేయులు. గుండు హనుమంతరావు గారు మొదటి భాగం నుంచి చివరి దాకా ఆయనే. ఆ పాత్రకి లంగరు ఆయన. నాటకాల్లోంచి వచ్చి, జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట'తో 1987లో సినిమాల్లో అడుగుపెట్టిన నటుడు. సినిమాల్లో ఆయనకి ఎక్కువగా రెండు నిమిషాల వేషాలే దొరికేవి. ఈ సీరియల్లో ఆరేళ్ళు దొరికాయి. గమనించారో లేదో, సీరియల్ పేరు అమృతం అయినా పాటలో పలకరింపు మాత్రం ఆంజనేయులికే. ఊరికే ఆయాసపడకు, కష్టాలు వస్తే వచ్చాయి, నవ్వేసి ముందుకు పోదాం అని ఒక స్నేహితుడు ఇంకో స్నేహితుడికి చెబుతాడు. సిరివెన్నెల గారు రాసిన గంభీరమైన పాటలు అందరం తలుచుకుంటాం. ఆదివారం రాత్రి తెలుగువాళ్ళ ముందు గదుల్లో ఆరేళ్ళు మోగిన ఈ చిన్న పాటని కూడా అదే వరసలో పెట్టాలని నా మనవి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ ఆరేళ్ళు మన ఊళ్ళలో ఎలాంటి ఆరేళ్ళో గుర్తు తెచ్చుకోండి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. మా వీధిలో ప్రతి ఇంటికీ ఒక కల ఉండేది, ఆ కల పేరు సాఫ్ట్‌వేరు. 2001లో అమెరికాలో కంపెనీలు మూతపడి కొందరు తిరిగొచ్చినా ఆ కల చెదరలేదు. ఎంసెట్ ర్యాంకులు పేపర్లలో పిల్లల ఫొటోలతో సహా పేజీలు పేజీలు వచ్చేవి. టీవీలో ఇటు తిప్పినా అటు తిప్పినా ఒకటో ర్యాంకు, ఒకటో ర్యాంకు. నెగ్గినవాళ్ళ గురించే మాటలు. ఓడిపోయినవాళ్ళు ఎక్కడ ఉండేవారు? మా ఇంట్లో ఉండేవారు. మా పక్కింట్లో ఉండేవారు. కానీ ఎవరూ పైకి చెప్పుకునేవారు కాదు. నష్టం అనే మాట మా ఇంట్లో బూతుమాట కన్నా నెమ్మదిగా పలికేవాళ్ళం.

ఆ కాలంలో వారానికొకసారి, ఊరంతా చూస్తుండగా, ఇద్దరు మనుషులు దర్జాగా ఓడిపోయేవారు. నష్టపోయేవారు, అబద్ధమాడి దొరికిపోయేవారు. మళ్ళీ వచ్చే ఆదివారం హోటలు తలుపులు తెరిచేవారు. వాళ్ళకి ఎవరూ నీతి చెప్పలేదు, శిక్ష వెయ్యలేదు. చివరి భాగంలో కోటీశ్వరులవుతారని ఆశ కూడా చూపించలేదు. నా వరకూ 'అమృతం' గొప్పతనం ఆ నవ్వుల్లో కంటే ఇందులోనే ఎక్కువ ఉంది.

2003లో పదో తరగతి అయ్యాక నన్ను విజయవాడలో హాస్టలున్న జూనియర్ కాలేజీలో వేశారు. అక్కడ టీవీ లేదు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి స్టడీ అవర్. మేం నలుగురైదుగురం రసాయన శాస్త్రం పుస్తకం తెరిచి పెట్టుకుని, ఆ సమయానికి ఆ పాట బాణీని ముక్కుతో పాడుకునేవాళ్ళం. వార్డెన్ వచ్చేసరికి బెంజీన్ వలయం.

2004 దసరా సెలవులకి ఇంటికొచ్చాను. పండగ శుక్రవారం అయింది. ఆదివారం రాత్రి యథావిధిగా అందరం కూర్చున్నాం. నాన్న ఆ రోజు కూడా నవ్వారు, ఎప్పటిలాగే గట్టిగా. సీరియల్ అయిపోయి ప్రకటనలు మొదలయ్యాయి. అప్పుడు టీవీ వైపే చూస్తూ అన్నారు, "రేపట్నుంచి హోటలు తియ్యటం లేదురా."

నాకు అర్థం కాలేదు. మాస్టరు రావడం లేదేమో అనుకున్నాను. అమ్మ వైపు చూశాను. ఆవిడ లేచి కంచాలు తీస్తోంది. ఆవిడ మెడలో గొలుసు లేదు. అది ఎప్పట్నుంచి లేదో నేను ఇంటికొచ్చిన వారం రోజుల్లో గమనించనే లేదు. బల్లల అద్దె, షాపు అద్దె, గ్యాసు, అరువు పుస్తకంలో తిరిగిరాని బాకీలు, చిట్టీ డబ్బులు, నా కాలేజీ ఫీజు. నాన్న ఏదీ వివరించలేదు. "ఏముందిరా, అమృతంగాడికీ ఇంతే కదా. వాడు మళ్ళీ వచ్చే ఆదివారం తీస్తాడు" అని ఒక నవ్వు నవ్వారు.

అమ్మ వంటింట్లోంచి అంది: "వాడి కథ రాసేవాళ్ళు వేరే ఉన్నారు. మన కథ మనమే రాసుకోవాలి."

ఆ రాత్రి మా ఇంట్లో దీనిమీద జరిగిన చర్చ ఇంతే. పక్క నెల నాన్న ఒక రైసు మిల్లులో గుమాస్తాగా చేరారు. గల్లా పెట్టె ఇంటికొచ్చింది, అమ్మ దాన్ని పోపుల డబ్బాల పక్కన పెట్టి అందులో కరెంటు బిల్లులు దాచుకునేది. అరువు పుస్తకం మాత్రం నాన్న పారెయ్యలేదు. ఆ బాకీలు వసూలవుతాయని కాదు. ఊళ్ళో ఎవరెవరు ఆ పెసరట్టు తిన్నారో అందులో ఉంది మరి.

నేను 2010లో ఎమ్మెస్ చెయ్యడానికి ఈ దేశం వచ్చాను. ఇక్కడ ఉన్న చాలామంది కథే నాదీ. ఒకే అపార్టుమెంటులో అయిదుగురం, నేల మీద పరుపులు, వంతుల ప్రకారం వంట. మా గదిలో ఒకడి దగ్గర హార్డ్‌డిస్కు ఉండేది. దాన్నిండా 'అమృతం' భాగాలు, ఎక్కడెక్కడ్నుంచో పోగు చేసినవి. కొన్నింట్లో బొమ్మ మసక, కొన్నింట్లో మాట వెనకబడి వచ్చేది. రాత్రి పప్పు కుక్కర్లో పెట్టి ఒక భాగం చూసేవాళ్ళం. అది అయ్యేసరికి పప్పూ అయ్యేది. నిజామాబాదు వాడూ, అనంతపురం వాడూ, శ్రీకాకుళం వాడూ ఒకే చోట నవ్వేవాళ్ళం. అప్పట్లో మా ఊళ్ళలో ప్రాంతాల గురించి వాదాలు బాగా వేడిగా ఉన్న రోజులు, మా గదిలోనూ ఉండేవి. కానీ కుక్కరు విజిల్ వేసే లోపు మాత్రం ఎవరూ ఎవరితోనూ పోట్లాడింది లేదు. తర్వాత తర్వాత యూట్యూబ్‌లోకి అన్నీ వచ్చేశాయి, హార్డ్‌డిస్కు అవసరం తీరిపోయింది.

2014లో గంగరాజు గారు 'చందమామలో అమృతం' అని సినిమా తీశారు. అమృతం, అంజి చంద్రుడి మీద హోటలు పెట్టే కథ. అవసరాల శ్రీనివాస్ అమృతం. భూమ్మీద నడవని హోటలు చంద్రుడి మీద పెట్టాలన్న ఆలోచన సరిగ్గా అమృతానికే వస్తుంది, సందేహం లేదు. ఆ తర్వాత 2018 ఫిబ్రవరి 19న గుండు హనుమంతరావు గారు పోయారు. ఆ రోజు నా ఫోన్లో వచ్చినన్ని సందేశాలు ఎందరో పెద్ద నటులు పోయినప్పుడు కూడా రాలేదు. నాన్న ఫోన్ చేసి "మన అంజి పోయాడురా" అన్నారు. 'మన' అన్నారు. నిజంగా ఇంటి మనిషి పోయినప్పుడు చెప్పే గొంతే.

'అమృతం ద్వితీయం' అని రెండో విడత జీ5లో వచ్చింది. హర్షవర్ధన్ అమృతం, ఎల్.బి. శ్రీరామ్ గారు అంజి. అది మొదలైన రోజు చూడండి, 2020 మార్చి 25, ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. ఊళ్ళో ఉన్న ప్రతి హోటలూ మూతపడ్డ రోజున అమృత విలాస్ మళ్ళీ తెరుచుకుంది. ఎవరూ కావాలని చేసింది కాదు, అలా కుదిరింది.

ఇక చివరగా ఒక సొంత విషయం. రేడియోలో చెప్పాలా వద్దా అని ఆలోచించాను, చెబుదామనే అనుకున్నాను. 2023 మొదట్లో ఇక్కడ ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. నాదీ పోయింది. ఒక మంగళవారం పొద్దున లాప్‌టాప్ తెరిస్తే తెరుచుకోలేదు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజులు. ఆ లోపల ఇంకొకటి దొరకాలి, లేదా దారి చూసుకోవాలి. వినేవాళ్ళలో ఈ లెక్క తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు, ఎవరికీ చెప్పకుండా ఆ రోజులు లెక్కపెట్టినవాళ్ళూ ఉంటారు.

నా భార్యకి చెప్పాను. ఇంటికి చెప్పలేదు. వారం వారం వీడియోలో మాట్లాడుతూనే ఉన్నాను, మామూలుగా నవ్వుతూ, ఇస్త్రీ చొక్కా వేసుకుని. మూడో ఆదివారం అయ్యాక ఒకరోజు నాన్న ఫోన్ చేసేసరికి మా అమ్మాయి నా టాబ్లెట్‌లో 'అమృతం' చూస్తోంది. దానికప్పుడు ఆరేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. సర్వం కనిపించినప్పుడల్లా పడీ పడీ నవ్వుతోంది. ఆ పాట విని నాన్న "ఎవరే అది, అంజేనా?" అన్నారు. ఎందుకో తెలీదు, అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

"నాన్నా, నా ఉద్యోగం పోయింది."

అటువైపు ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత, "ఎన్నాళ్ళు టైమిస్తారు?" అని అడిగారు.

"అరవై రోజులు. ఇరవై రెండు అయిపోయాయి."

"ఇరవై రెండు రోజులూ మాకు చెప్పలేదా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్ళీ అన్నారు: "పోన్లే. నేనూ మీకు మూడు నెలలు చెప్పలేదు. మీ అమ్మకి కూడా గొలుసు అడిగిన రోజునే తెలిసింది. పొద్దున్నే లేచి స్నానం చేసి, వస్తున్న గిరాకీ ఏమీ లేకపోయినా పిండి రుబ్బించి, మధ్యాహ్నానికి ఆ పిండి పారబోసేవాణ్ణి."

ఇరవై ఏళ్ళ దగ్గర దగ్గరగా అయింది ఆ హోటలు మూసి. ఆ పిండి సంగతి నాకు తెలియడం అదే మొదటిసారి. ఆదివారం రాత్రుల్లో ఆయన అంత గట్టిగా ఎందుకు నవ్వేవారో కూడా అప్పుడే అర్థమైంది. వారంలో ఆ అరగంట ఆయన దాచుకోనక్కర్లేదు. తన హోటలే టీవీలో ఉంది, దాన్ని చూసి ఊరంతా నవ్వుతోంది, తనూ నవ్వొచ్చు. ఎవరికీ అనుమానం రాదు.

నాకు యాభయ్యో రోజు దాటాక ఒక కాంట్రాక్టు దొరికింది. అప్పట్నుంచీ కన్సల్టెంటునే. ఒక చోట పని అయిపోతే ఇంకో చోట బోర్డు పెట్టుకునే ఉద్యోగం. ఒక రకంగా ఇదీ హోటలు వ్యాపారమే.

ఇవాళ కూర్చుని చూస్తే సీరియల్లో అన్నీ నచ్చుతాయని చెప్పను. కొన్ని జోకులు పాతబడ్డాయి. భర్తలు అబద్ధాలు ఆడటం, భార్యలు ప్రతిసారీ సర్దుకుపోవడం ఇప్పుడు అంత సాఫీగా దిగదు. నా భార్య అయితే "ఆ సంజూ, శాంతా లేకపోతే వీళ్ళిద్దరూ మొదటి నెలలోనే రోడ్డున పడేవాళ్ళు, వాళ్ళ పేరుతో సీరియల్ ఎందుకు లేదు?" అంటుంది. న్యాయమైన ప్రశ్నే. గొలుసు ఇచ్చింది మా అమ్మ. గల్లా పెట్టె దగ్గర పటం పక్కన ఫొటో ఉన్నది మాత్రం నాన్నది.

అయినా సరే, మీ పిల్లలకి ఒకసారి చూపించండని నా సలహా. పురాణాలు చూపిస్తాం, మంచిదే. పెద్ద పెద్ద యుద్ధాల సినిమాలు చూపిస్తాం, అవీ మంచివే. మన పిల్లలు ఇక్కడ స్పెల్లింగ్ బీలకీ, మ్యాథ్ పోటీలకీ తిరుగుతూ, గెలిచినవాళ్ళ కథలే వింటూ పెరుగుతున్నారు. వాళ్ళకి ఒక ఆదివారం, చేతకాని ఇద్దరు స్నేహితులు నష్టపోయి, ఒకరినొకరు తిట్టుకుని, మళ్ళీ హోటలు తలుపు తీసే కథ కూడా చూపిద్దాం. పక్కనే కూర్చుని, అది అయిపోయాక వచ్చే ఆ రెండు నిమిషాల నిశ్శబ్దంలో, మీ ఇంట్లో మూతపడ్డ హోటలు ఏదైనా ఉంటే దాని గురించి కూడా చెప్పండి. పిల్లలు తట్టుకుంటారు. చెప్పకపోతేనే కష్టం.

పోయిన వేసవిలో నాన్నా, అమ్మా ఇక్కడికి వచ్చారు. ఒక ఆదివారం పొద్దున నాన్న పెసరట్లు వేశారు. ఇక్కడి నాన్‌స్టిక్ పెనాన్ని తిట్టుకుంటూనే వేశారు. మా అమ్మాయి రెండు తిని, మూడోది అడిగింది. నాన్న గరిటె పైకెత్తి, "అరువు పెట్టబడదు" అన్నారు. దానికి ఆ మాట అర్థం కాలేదు. అమ్మా, నేనూ మాత్రం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.